తొండమాన్ పేరులో ఉన్నది తొండ కాదు, దొండ

చెన్నైలో కొత్తగా కాపురం పెట్టిన రోజుల్లో కూరగాయలమ్మే ఒక పెద్దావిడకి దొండకాయల గంప చూపించి, వీటిని తమిళంలో ఏమంటారమ్మా అని అడిగాను. "కోవక్కాయ్ తంబీ" అంది. పక్కనే వంకాయలు ఏరుకుంటున్న ఒక కన్నడావిడ, మా వైపు తొండెకాయి అంటామని కలగజేసుకుంది. తొండెకాయి, దొండకాయ. మరాఠీవాళ్లు తొండ్లి అంటారని ఆ తర్వాత తెలిసింది. చుట్టుపక్కల ఇంతమందికి ఉన్న మాట తమిళంలో లేకపోవడం ఏమిటనిపించి, "మీకు తొండై అనే మాట లేదా?" అని పెద్దావిడనే అడిగితే, ఎందుకు లేదన్నట్టు చేత్తో గొంతు పట్టుకుని చూపించింది. ఇవాళ్టి తమిళంలో తొండై అంటే గొంతు. తొండై నొప్పి అంటే గొంతు నొప్పి.

అయితే మేము నిలబడి మాట్లాడుకుంటున్న నేల పాత పేరు తొండైమండలం. దాన్ని ఏలిన రాజులకి తొండైమాన్ అని పేరు. ఆ పేరులో ఉన్న తొండై గొంతు కాదు, తీగ. మన దొండతీగే.

మన వైపు గందరగోళం ఇంకో రకంగా ఉంది. తిరుమల కథల్లో తొండమాన్ చక్రవర్తి గురించి వినని తెలుగువాళ్లు తక్కువ. శ్రీకాళహస్తి దగ్గర తొండమనాడు అనే ఊరుంది. ఆ పేరు వినగానే మనకి గోడ మీద తల ఊపే తొండ గుర్తొస్తుంది, లేకపోతే ఏనుగు తొండం, అదీ కాకపోతే ఆటలో తొండి. దొండకాయ మాత్రం ఎవరికీ గుర్తురాదు. తమిళులు ఈ మాటని రాజు పేరులో దాచుకుని కాయ పేరు వదిలేశారు. మనం కాయని వంటింట్లో ఉంచుకుని, రాజు పేరులో అది ఉందన్న సంగతి మర్చిపోయాం. రెండు ముక్కలూ పక్కపక్కన పెడితే తప్ప అర్థం కాని కథ ఇది. అందుకే కాస్త ఓపిగ్గా చెప్తాను.

ముందు తీగ సంగతి. మార్కెట్లో దొరికే దొండ పందిరి మీద పెంచేది. దాని అసలు రూపం కాకిదొండ. కంచెల మీద, పాడుబడ్డ గోడల మీద, రైలు పట్టాల పక్క తుమ్మచెట్ల మీద ఎవరూ నాటకుండానే పాకుతుంది. నేల లోపల గడ్డలాంటి వేరు ఉంటుంది కాబట్టి ఎండాకాలంలో పైనంతా మాడిపోయినా తొలకరి చినుకు పడగానే మళ్లీ లేస్తుంది. ఐదు కోణాల ఆకు, నులితీగలు, ఐదు రేకల తెల్లటి పువ్వు. మగ తీగ వేరు, ఆడ తీగ వేరు. తోటల్లో దొండని గింజతో కాకుండా తీగ ముక్కలతో పెట్టడానికి కారణం ఇదే, గింజ నుంచి మొలిచింది మగదో ఆడదో పూసేదాకా తెలియదు. కాయ ఆకుపచ్చగా, తెల్లటి చారలతో ఉండి, పండాక ఒక్కసారిగా నెత్తుటి ఎరుపుకి తిరుగుతుంది. చిలకలు ఎక్కడున్నా వచ్చి వాలతాయి. ఈ ఎరుపు చూసే సంస్కృత కవులు పెదవిని బింబంతో పోల్చారు, బింబాధరి అంటే దొండపండు లాంటి పెదవి ఉన్నది. మనవాళ్లు ఇంకో అడుగు ముందుకేసి కాకి ముక్కుకు దొండపండు అనే సామెత కట్టుకున్నారు. అమరకోశంలో ఈ తీగకి చెప్పిన పేర్లలో బింబిక, రక్తఫలతో పాటు తుండికేరి అని కూడా ఉంది. తుండి అనే ముక్క చెవిన పడగానే తొండై గుర్తురావడం లేదూ?

పాత తమిళ కవులు కూడా ఆడవాళ్ల పెదవుల్ని తొండైపండుతో పోల్చినవాళ్లే. అంటే రెండు వేల ఏళ్ల కింద తమిళంలో ఈ మాట మనం వాడినట్టే వాడారు. తర్వాత కాయకి కోవై అనే పేరు నిలబడింది, తొండై అనగానే గొంతు అనే అర్థం ఒక్కటే మిగిలింది. తమిళంలో త-తో మొదలయ్యే మాట తెలుగులో ద-గా పలకడం కొత్తేమీ కాదు, తొండై దొండ అయింది. కన్నడం త-నే ఉంచుకుంది.

ఇంతకీ ఒక కూరగాయ తీగ రాజు పేరులోకి ఎలా ఎక్కింది? దీనికి ప్రాచీన తమిళ దేశంలోని ఒక ఆచారం తెలియాలి. అక్కడ ఒక్కో రాజవంశానికి ఒక్కో పూమాల ఉండేది. చేరులకి తాటి పువ్వు, పాండ్యులకి వేప, చోళులకి ఆర్ అనే చెట్టు పువ్వు, అది మన ఆరె చెట్టు జాతిదని చెప్తారు. యుద్ధంలో ఎవరు ఎవరి మనిషో తలలో తురుముకున్న పువ్వు చూసి గుర్తుపట్టేవాళ్లు. గమనించండి, వేప, తాడి, ఆరె, ఏదీ గులాబీలాగా అపురూపమైంది కాదు. ఊరి చివర ఎక్కడైనా దొరికేవే. యుద్ధానికి పోయే మనిషికి దారిలో చేతికందేది కావాలి కదా. ఆ వరసలో కాంచీపురం వైపు ఏలిన దొరలకి తొండై గుర్తు. తొండైమాన్ అనే మాటలో చివరి మాన్, కొడుకు అనే అర్థమిచ్చే మగన్ కుదించుకుపోయిన రూపమని చెప్తారు, చేరమాన్, అదియమాన్ పేర్లలో ఉన్నదీ అదే. తొండైమాన్ అంటే తొండై వాళ్ల బిడ్డ.

ఇలా పేరు మోసినవాళ్లలో పాతవాడు తొండైమాన్ ఇళందిరైయన్. సంగం కాలం, అంటే సుమారు రెండు వేల ఏళ్ల కిందటి తమిళ సాహిత్య కాలం నాటి కంచి పాలకుడు. పెరుంబాణాట్రుప్పడై అనే పాత కావ్యం ఆయన మీద చెప్పిందే. ఇళం అంటే లేత, మన ఎలమావిలో ఉన్న ఎల. తిరై అంటే అల, మన తెర. అంటే చిన్న తెరవాడు. ఈ పేరు చుట్టూ ఒక కథ అల్లుకుంది. చోళ రాజు ఒకడు నాగకన్యని పెళ్లాడతాడు. ఆమె, నాకు పుట్టే బిడ్డ సంగతేమిటి అని అడుగుతుంది. గుర్తుగా తొండైతీగ కట్టి సముద్రంలో వదులు, ఒడ్డుకు చేరితే రాజ్యంలో భాగమిస్తానంటాడు. అలలు బిడ్డని ఒడ్డుకు చేర్చాయి, తిరైయన్ అయ్యాడు. ఒంటికి తీగ ఉంది, తొండైమాన్ అయ్యాడు. ఇది కావ్యంలో ఉన్న కథ కాదు, ఎన్నో వందల ఏళ్ల తర్వాత వ్యాఖ్యానం రాసిన నచ్చినార్కినియర్ చెప్పింది. మణిమేకలై కావ్యంలో కూడా ఇలాంటి కథ ఉంది. చోళుడు, పీలివళై అనే నాగకన్య, ఓడలో పంపిన పసిబిడ్డ, ఓడ మునగడం, బిడ్డ కోసం వెతుకుతూ రాజు ఇంద్రోత్సవం మర్చిపోవడం, పుహార్ పట్టణాన్ని సముద్రం మింగేయడం. పేరులో రెండు ముక్కలున్నాయి, ఒకటి అల, ఒకటి తీగ. రెంటికీ కారణం చెప్పాలంటే అలల మీద తేలి వచ్చిన బిడ్డకి తీగ చుట్టాల్సిందే. పేరు ముందుంది, కథ దాని కొలతలకి కుట్టారు అని నా నమ్మకం.

తొండైమాన్ పేరున్న ఒక దొరని దగ్గర్నుంచి చూపించే పద్యం పురనానూరు అనే సంగం కాలపు పద్యాల సంకలనంలో ఉంది, అవ్వైయార్ అనే కవయిత్రి చెప్పింది. ఆమె అదియమాన్ అనే దొర తరఫున తొండైమాన్ దగ్గరికి రాయబారానికి వెళ్తుంది. ఆయన తన బలం చూపించుకోవడానికి ఆయుధాల కొట్టు తీసి చూపిస్తాడు. ఆమె మెచ్చుకున్నట్టే మాట్లాడుతుంది: మీ ఆయుధాలకి నెమలి ఈకలు కట్టారు, మాలలు వేశారు, నెయ్యి రాసి కాపలా పెట్టిన కొట్టులో భద్రంగా ఉంచారు, మా రాజువి మాత్రం శత్రువుల్ని పొడిచి పొడిచి మొనలు విరిగి ఎప్పుడూ కమ్మరి కొలిమి దగ్గరే పడి ఉంటాయి. అంతే, ఇంకో మాట అనదు. ఈ దొరా, ఇళందిరైయనూ ఒకడేనా అంటే పద్యంలో దానికి జవాబు లేదు, తొండైమాన్ అని మాత్రమే ఉంది. ఈ కథలో గందరగోళమంతా ఇలాగే మొదలవుతుంది. పేరు ఒకటే, మనుషులు చాలామంది.

ఇక్కడే ఇంకో చిక్కు. తొండై అంటే దొండేనా? తమిళ నిఘంటువులు దొండతీగతో పాటు ఆదొండై అనే ముళ్ల పొదని కూడా ఈ మాట కింద చెప్తాయి. అదీ మనకి తెలిసిందే, పేరు కూడా దాదాపు అదే, ఆదొండ. కొన్నిచోట్ల ఆరుదొండ అంటారు. దొండకీ దీనికీ చుట్టరికం లేదు, ఇది వేరే కుటుంబం. కొక్కెంలా వంగిన ముళ్లతో పక్క చెట్లని పట్టుకుని పైకి పోతుంది, తెల్లగా పూసి వాడేటప్పుడు గులాబీ రంగుకి తిరుగుతుంది, పువ్వు నిండా పొడుగాటి కేసరాలు. పట్టుకుంటే బట్ట వదలదు. కురుంబులనే తెగవాళ్ల కోటలు గెలిచి తొండైమండలం స్థాపించాడని జానపద కథలు చెప్పే రాజు పేరు కూడా ఆదొండై చక్రవర్తే. దండకి ఏది అందంగా ఉంటుందంటే నిస్సందేహంగా ఆదొండ పువ్వే. మెత్తగా, వంగేలా, గుర్తుగా కట్టడానికి ఏది వీలుగా ఉంటుందంటే దొండతీగ. నేను దొండ వైపే మొగ్గుతాను, ఎందుకంటే కన్నడ, తెలుగు, మరాఠీల్లో ఈ మాట ముందు ఏమీ తగిలించకుండా వాడినప్పుడల్లా దొండనే చెప్తుంది. ముళ్ల పొదని చెప్పాలంటే ముందు ఇంకో ముక్క కావాలి. అయితే రెండు మొక్కలూ ఒకే నేల మీద ఒకే కంచె మీద పెరుగుతాయి కాబట్టి ఆనాటి వాళ్లు మనలాగా గిరి గీసుకున్నారో లేదో.

ఇప్పుడు అసలు ముడి. పల్లవులు.

సంస్కృతంలో పల్లవం అంటే చిగురు. పల్లవులు ఏలింది తొండైమండలం, రాజధాని కంచి. తమిళ కవులు వాళ్లని తొండైయర్ అన్నారు, తిరుమంగై ఆళ్వార్ కంచి గుడిని పాడుతూ తొండైయర్ కోన్ అంటాడు, తొండైయరుల రాజు అని. దాంతో కొందరు చరిత్రకారులు ఒక లెక్క కట్టారు: తొండై అంటే తీగ, పల్లవం అంటే చిగురు, కాబట్టి పల్లవ అనేది తొండైయర్ అనే తమిళ పేరుకి సంస్కృత అనువాదం. వినడానికి ఎంతో ముచ్చటగా ఉంటుంది. నేనూ చాలాకాలం నమ్మాను.

తీరా పల్లవుల తొలి శాసనాలు ఎక్కడ దొరికాయో చూస్తే ఈ లెక్క సడలిపోతుంది. అవి దొరికింది మన పల్నాట్లో. మంచికల్లులో సింహవర్మ ప్రాకృత శాసనం ఉంది. నరసరావుపేట దగ్గర మైదవోలులో శివస్కందవర్మ యువరాజుగా ఉన్నప్పుడు ఇచ్చిన రాగిరేకులు దొరికాయి, సుమారు 4వ శతాబ్దం మొదటివి. కంచి నుంచి ధాన్యకటకంలో ఉన్న అధికారికి పంపిన ఆజ్ఞ అది, ఆంధ్రపథంలో ఉన్న ఒక ఊరిని దానమిస్తున్నాం అని. భాష ప్రాకృతం. తమిళం లేదు, తొండై అనే మాట లేదు. ఆ తర్వాత రెండు మూడు వందల ఏళ్ల పాటు ఒంగోలు, నెల్లూరు వైపు ఇచ్చిన దానశాసనాలు సంస్కృతంలో ఉన్నాయి. వాటిల్లోనూ వాళ్లు భారద్వాజ గోత్రం పల్లవులం అని చెప్పుకున్నారే కానీ తొండైయరులం అనలేదు. పల్నాడు అనే పేరు కూడా పల్లవనాడు నుంచే వచ్చిందనేవాళ్లున్నారు, ఆ జోలికి ఇప్పుడు పోను. తమిళ మాటని అనువాదం చేసుకుని పేరు పెట్టుకున్న వంశమైతే మొదటి ఆనవాళ్లు తమిళంలో ఉండాలి కదా?

మరి పల్లవ అనే పేరుకి వాళ్లు ఏం కారణం చెప్పుకున్నారు? అమరావతిలో దొరికిన ఒక స్తంభం మీద సింహవర్మ అనే పల్లవ రాజు శాసనం ఉంది. దాన్ని కింద నుంచి పైకి చదవాలి. మామూలుగా పై వరస నుంచి మొదలుపెడితే అర్థం కాదు. అందులో ద్రోణుడి కొడుకు అశ్వత్థామకీ మదని అనే అప్సరసకీ బిడ్డ పుడతాడు, చిగుళ్ల పడక మీద పడుకుని ఉన్న బిడ్డని చూసి తల్లి పల్లవుడని పిలుస్తుంది. తమిళ కథని దీని పక్కన పెట్టి చూడండి. ఒకచోట నాగకన్య, ఇంకోచోట అప్సరస. ఒకచోట తొండైతీగ కట్టుకున్న పసివాడు, ఇంకోచోట చిగుళ్ల మీద పసివాడు. పల్లవుల వేరే శాసనాల్లో వాళ్ల పూర్వీకుడు నాగకన్యని చేసుకుని రాజ్యం సంపాదించాడనీ ఉంది. ఎముకల గూడు ఒకటే, పైన చర్మం మారింది. అనువాదం జరిగి ఉంటే అది కథల్లో జరిగిందనుకుంటాను, పేరులో కాదు.

పల్లవ అనేది పహ్లవ నుంచి వచ్చిందని, అంటే వీళ్లు పార్థియా (పాత ఇరాన్) నుంచి దిగివచ్చిన వాళ్లని ఇంకో వాదం ఉండేది. రెండు మాటల పోలిక తప్ప దానికి బలం తక్కువ, పైగా కావ్యమీమాంస రాసిన రాజశేఖరుడు పల్లవుల్ని దక్షిణాన, పహ్లవుల్ని ఉత్తరాన విడివిడిగా చెప్పాడు. అక్కడితో దాన్ని వదిలేయవచ్చు.

చెట్టు పేరు పెట్టుకోవడం ఆ కాలానికి వింత కాదని పల్లవుల పొరుగువాళ్లని చూసినా తెలుస్తుంది. కర్ణాటకలో తాళగుంద స్తంభం మీద కదంబులు తమ పేరు గురించి, మా ఇంటి దగ్గర పెరిగిన కదంబ చెట్టు వల్ల వచ్చిందని తేలిగ్గా చెప్పేశారు. అప్సరసలు లేరు, నాగకన్యలు లేరు. ఆ వంశం మొదటివాడు మయూరశర్మ కంచికి చదువుకోడానికి వెళ్లి, ఒక పల్లవ ఆశ్వికుడితో గొడవపడి, చదువు వదిలి కత్తి పట్టి, మన శ్రీపర్వతం అడవుల్లో చేరి పల్లవుల సరిహద్దు కాపలాదారుల్ని ముప్పుతిప్పలు పెట్టాడు. కదంబానికీ చిగురుకీ తగాదా అలా నల్లమల దాకా పాకింది.

ఇంగ్లండులో కూడా ఇదే తంతు కనిపిస్తుంది. అక్కడి రాజవంశానికి మూలపురుషుడైన ఫ్రాన్సులోని ఆంజూ దొర జెఫ్రీ, 1151లో పోయాడు, టోపీలో ప్లాంటా జెనిస్టా అనే పచ్చపూల అడవి పొద రెమ్మ పెట్టుకునేవాడని ప్లాంటాజెనెట్ అన్నారు. వంశమంతటికీ ఇంటిపేరుగా దాన్ని పైకెత్తుకుంది మాత్రం 15వ శతాబ్దంలో యార్క్ ప్రభువు రిచర్డ్. మారుపేరుకి, వంశం పేరుకి మధ్య మూడు వందల ఏళ్లు. పల్లవులకీ తొండైయర్ అనే పేరుకీ మధ్య ఉన్న దూరం కూడా ఇలాంటిదేనని నాకనిపిస్తుంది.

పల్లవులకి అడవితో ముడిపడ్డ ఇంకో మారుపేరు మనకి బాగా తెలిసిందే, కాడువెట్టి. కాడు అంటే అడవి, వెట్టి అంటే కొట్టినవాడు. ముక్కంటి కాడువెట్టి, త్రిలోచన పల్లవుడు అని మన తెలుగు శాసనాలు, స్థానిక చరిత్రలు ఎన్నిసార్లు తలుచుకున్నాయో లెక్కలేదు. అడవి కొట్టించి అగ్రహారాలిచ్చాడని ఆయనకి పేరు. ఒక పేరు అడవి తీగ నుంచి, ఇంకో పేరు అడవి నరకడం నుంచి, రెండూ ఒకే వంశానికి. కంచెల మీద, అడవి అంచుల్లో బతికే తీగని గుర్తుగా పెట్టుకున్న నేల మీదే అడవి కొట్టి పొలాలు చేసిన వాళ్లు వచ్చి కూర్చున్నారు.

కూర్చున్నాక ఏమైంది? నాకు అర్థమైనంతలో తీగ ముందు ఒక దొర కుటుంబానికి గుర్తు అయింది. ఆ కుటుంబం నుంచి పేరు నేలకి అంటుకుంది, ఉత్తరాన వేంకటం కొండల దాకా పోయే తొండైనాడు అయింది. ఆ తర్వాత ఆ నేల మీద ఎవరు కూర్చుంటే వాళ్లకి ఆ పేరు పాకింది. పల్లవులు తొండైయర్లు అయింది అలా, పుట్టుకతో కాదు. ఇది ఒప్పుకుంటే మిగతా చిక్కులన్నీ వాటంతట అవే విడిపోతాయి.

చోళ రాజు మొదటి ఆదిత్యుణ్ని చూడండి. 9వ శతాబ్దం చివర్లో పల్లవ అపరాజితుణ్ని ఓడించి తొండైనాడు కలుపుకున్నాడు. తర్వాత ఆయన చనిపోయింది కూడా ఆ నేల మీదే. శాసనాలు ఆయన్ని తొండైమానాట్రూరు తుంజిన ఉడైయార్ అంటాయి, తొండైమాన్ ఆట్రూరులో నిద్రపోయిన ప్రభువు అని. పాత తమిళంలో రాజు చనిపోయాడనడానికి నిద్రపోయాడంటారు. ఆ ఊరే మన శ్రీకాళహస్తి దగ్గర తొండమనాడు. అక్కడ బొక్కసంపాలెంలో ఆయన కొడుకు పరాంతకుడు తండ్రి అస్థికల మీద కట్టించిన ఆదిత్యేశ్వరాలయం ఉంది. తొండైనాటిని గెలిచిన మనిషి గుర్తు ఆ పేరులోనే కలిసిపోయింది. తర్వాత వచ్చిన రాజరాజ చోళుడు ఈ ప్రాంతానికి జయంగొండ చోళమండలం అని తన బిరుదుతో పేరు మార్చాడు. ఇవాళ ఆ పేరు శాసనాలు చదివేవాళ్లకి తప్ప ఎవరికీ తెలియదు.

తిరుమల కథలో తొండమాన్ కూడా ఇదే నేల మనిషి. నారాయణవనం ఏలిన ఆకాశరాజుకి తమ్ముడు, పద్మావతికి బాబాయి. అన్న పోయాక రాజ్యం కోసం అన్న కొడుకుతోనే యుద్ధానికి దిగితే శ్రీనివాసుడే మధ్యలో పడి పంచి ఇస్తాడు, తర్వాత స్వామికి గుడి కట్టించేది ఈయనే. పురాణంలో ఈయన వేటలో ఉండగా శ్రీనివాసా శ్రీనివాసా అని పలికే పంచరంగుల చిలక వెంట కొండ దాకా వెళ్తాడు. చిలక కనబడిన చోటల్లా నాకు దొండపండు గుర్తొస్తుంది, పురాణం ఆ మాట అనకపోయినా సరే. రాజు రోజూ బంగారు పూలతో పూజ చేస్తుంటే, మర్నాడు వాటి చోట మట్టిపూలు కనబడటం, ఎవరివా అని వెతికితే కుండలు చేసుకునే భీముడు తన సారె దగ్గర మిగిలిన మట్టితో చేసి అర్పిస్తున్నవని తెలియడం, ఈ కథ ఎంతమంది ఇళ్లలో ఎన్ని తరాలుగా చెప్తున్నారో. ఈ తొండమాన్ ఏ పల్లవ రాజు అని వెతికేవాళ్లున్నారు. ఆ వెతుకులాట వల్ల ప్రయోజనం లేదని నా అభిప్రాయం. తొండమాన్ అనేది ఒక మనిషి సొంత పేరు కాదు, ఆ నేల దొరకి పేరు. కథ చెప్పినవాళ్లకి కావలసింది కొండ కింద ఉన్న దేశపు రాజు. ఆ దేశపు రాజుని అప్పటికే తరతరాలుగా తొండమాన్ అంటున్నారు.

చోళుల కింద ఈ పేరు రాజుల నుంచి సేనానులకి దిగింది. కరుణాకర తొండైమాన్ పల్లవ వంశస్థుణ్నని చెప్పుకున్న సేనాపతి, సుమారు 1110లో మొదటి కులోత్తుంగ చోళుడి తరఫున కళింగం మీదికి దండెత్తాడు. కళింగత్తుప్పరణి అనే యుద్ధకావ్యం ఆ దండయాత్ర మీదే. ఆ కులోత్తుంగుడు ఎవరో కాదు, నన్నయ చేత భారతం మొదలుపెట్టించిన మన రాజరాజ నరేంద్రుడి కొడుకు.

చివరికి ఈ పేరు తొండైమండలం దాటి చాలా దక్షిణాన, పుదుక్కోటలో స్థిరపడింది. అక్కడి తొండైమాన్లు 17వ శతాబ్దం చివరి నుంచి 1948లో సంస్థానం భారతదేశంలో కలిసేదాకా ఏలారు. వాళ్ల వంశ చరిత్రని చెప్పిన పాత కావ్యం తొండైమాన్ వంశావళి తెలుగులో ఉంది, నుదురుపాటి వెంకన్న రాశాడు. మా పెద్దలు తిరుపతి వైపు తొండైమండలం నుంచి వచ్చారని ఆ కుటుంబం చెప్పుకునే మాట అందులోదే. తమిళ దేశం నడిబొడ్డున, తమిళ రాజు, తన వంశం గురించి తెలుగు పద్యాల్లో చెప్పించుకున్నాడు. ఇంకా ఉంది. వాళ్ల రాగి నాణేన్ని అమ్మన్ కాసు అంటారు. చిటికెన వేలి గోరంత ఉంటుంది, అంచు సరిగ్గా గుండ్రంగా కూడా ఉండదు, మందంగా గింజలా ఉంటుంది. ఒక వైపు బృహదంబ అమ్మవారు కూర్చుని ఉంటుంది. తిప్పితే విజయ అని ఉంటుంది, తెలుగు అక్షరాల్లో. మొదటిసారి ఆ మూడక్షరాలు చూసినప్పుడు చదవగలిగినందుకే కళ్లు చెమర్చాయి.

ఇదంతా చదువుకున్నాక ఒక ఆదివారం ఆ కూరగాయల పెద్దావిడ దగ్గరికి మళ్లీ వెళ్లాను. మీ సొంత ఊరేదమ్మా అంటే కాంచీపురం దగ్గర పల్లెటూరని చెప్పింది. గంపలో పండి ఎర్రబడ్డ దొండకాయ ఒకటి తీసి, మీ తొండైమండలంలో తొండై ఇదేనమ్మా, ముందు ఇది తీగ పేరు, రాజు పేరు అయింది తర్వాత అని నాకొచ్చిన తమిళంలో చెప్పాను. ఆమె ఆ పండు అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. మా ఊళ్లో చెరువు కట్ట నిండా ఇదే తంబీ, మేకలు కూడా తినేవి, అంది. తర్వాత తనలో తనే ఒకసారి "తొండై" అనుకుని, ఆ పండుని తిరిగి గంపలో వేయకుండా తక్కెడ పక్కన విడిగా పెట్టుకుంది.